పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ముఖాలు తెలియని వాళ్లు ఊరుగా కూడిన రోజులు

గత నెల ఈ శీర్షికలో చాలాకాలంగా తెరవని ఈమెయిలు ఖాతాను తిరిగి పొందడం ఎలాగో వివరిస్తూ, 1999 ప్రాంతంలో నెల్లూరు నెట్ సెంటర్లలో నేను గడిపిన సాయంత్రాలను రెండు వాక్యాల్లో తలుచుకున్నాను. అసలు జవాబు కంటే ఆ రెండు వాక్యాల మీదనే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. అందుచేత ఈ నెల శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాను. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా కూర్చాను. పేర్లు వేయవద్దని కొందరు కోరినందున అందరికీ ఊరి పేరు మాత్రమే ఇస్తున్నాను.

వెబ్‌సైట్లు, సెల్‌ఫోన్లు రాకముందే కంప్యూటర్ల ద్వారా ముక్కూమొహం తెలియని వాళ్లు చర్చలు జరుపుకొనేవారని మా లెక్చరర్ చెప్పారు. ఒకరి మాట మరొకరికి ఏ దారిన చేరేది? — డిగ్రీ విద్యార్థిని, కావలి

మీ లెక్చరర్ గారు చెప్పినది నిజం. 1969 అక్టోబరు 29న లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు ఆర్పానెట్ మీద తొలి సందేశం వెళ్లింది. ‘లాగిన్’ అని పంపబోతే మొదటి రెండు అక్షరాలు చేరేసరికి అవతలి కంప్యూటర్ ఆగిపోయింది. అయితే ఆ నెట్‌వర్క్ అమెరికా రక్షణ శాఖ డబ్బుతో నడిచేది కాబట్టి, దానితో సంబంధం ఉన్న పరిశోధన సంస్థలకు తప్ప మిగిలినవారికి అందులో చోటు లేదు. అలా బయట ఉండిపోయినవారు తమ ఇంట్లో అప్పటికే ఉన్న టెలిఫోను తీగను ఆసరా చేసుకున్నారు.

1978 జనవరిలో షికాగో నగరాన్ని మంచు తుపాను కమ్మేసినప్పుడు, ఇల్లు కదలలేని స్థితిలో వార్డ్ క్రిస్టెన్సెన్, ర్యాండీ స్యూస్ అనే ఇద్దరు మిత్రులు ఒక కంప్యూటరుకు, దానిని ఫోను తీగతో కలిపే మోడెం అనే పరికరం తగిలించి బులెటిన్ బోర్డు తయారుచేయడం మొదలుపెట్టారు. ఫిబ్రవరి 16న అది అందరికీ అందుబాటులోకి వచ్చింది. దానికి ఉన్నది ఒకే ఫోను లైను గనుక ఒకసారికి ఒక్కరే లోపలికి వెళ్లి, అంతకుముందు వచ్చినవారు వదిలివెళ్లిన మాటలు చదివి, తమ మాట అక్కడ ఉంచి, తరువాతివారి కోసం లైను విడిచిపెట్టాలి. మన కాలేజీ వరండాలో నోటీసు బోర్డు ముందు ఒక్కొక్కరే నిలబడి చదివి వెళ్లినట్టు ఉండేదన్నమాట. దూరప్రాంతపు కాల్ ఖరీదు ఎక్కువ కాబట్టి ఇటువంటి బోర్డులను వాడినవారిలో ఎక్కువమంది ఆ నగరంవారే, ఆ చుట్టుపక్కలవారే. అందుకే రాతల్లో పరిచయమైనవారు కొన్నాళ్లకు ఒక హోటల్లోనో ఒకరి ఇంట్లోనో కలుసుకోగలిగేవారు. ఫోను చార్జీలే ఆ గుంపులకు పొలిమేర గీశాయని చెప్పవచ్చు.

యూజ్‌నెట్ అనే చర్చావేదిక కథ వేరు. దీని మీదనే నాకు మక్కువ ఎక్కువ కాబట్టి కొంచెం విస్తరంగా చెబుతాను. డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ 1979లో దీనిని తలపెట్టగా, మరుసటి ఏడాది డ్యూక్‌కూ, దాపునే ఉన్న నార్త్ కరోలైనా విశ్వవిద్యాలయానికీ మధ్య ఇది నడక సాగించింది. మన జిల్లాల వారికి దీని పద్ధతి రైలు తపాలాతో పోల్చి చెబితే సులువుగా బోధపడుతుంది. మద్రాసు నుంచి విజయవాడ వైపు రాత్రిపూట వెళ్లే రైలులో రైల్వే మెయిల్ సర్వీసు పెట్టె ఉండేది. గూడూరులో ఒక సంచి దిగి మరొక సంచి ఎక్కేది, నెల్లూరులోనూ ఒంగోలులోనూ అంతే. యూజ్‌నెట్‌లో కూడా ఒక కంప్యూటర్ రాత్రివేళ పొరుగు కంప్యూటరుకు ఫోను చేసి, తన దగ్గర పోగైన కొత్త ఉత్తరాలను అందించి, అక్కడ పోగైనవాటిని తెచ్చుకునేది. తేడా ఒక్కటే. తపాలా సంచిలోని ఉత్తరం ఒక ఊళ్లో దిగితే అక్కడితో దాని ప్రయాణం ముగుస్తుంది. యూజ్‌నెట్ ఉత్తరం ప్రతి మజిలీలోనూ ఒక నకలు ఉంచి ముందుకు సాగుతుంది. అందువల్ల దానికి కేంద్రమంటూ, యజమాని అంటూ ఎవరూ లేరు. రాత్రివేళే ఎందుకంటే అప్పుడు ఫోను చార్జీ తక్కువ. మన ఊళ్లలో కూడా పావు చార్జీ కోసం రాత్రి పొద్దుపోయిన తరువాత ఎస్టీడీ బూత్‌ల ముందు బెంచీల మీద కూర్చున్నవాళ్లు ఈ సంగతి వెంటనే గ్రహిస్తారు.

ఒక ప్రశ్న దేశం అవతలి అంచుకు చేరడానికి ఒకటి రెండు రోజులు పట్టేది, జవాబు తిరిగి రావడానికి మరి రెండు రోజులు. ఈ ఆలస్యమే ఆనాటి రాతకు ఒక తీరు తెచ్చిపెట్టిందని నా అభిప్రాయం. మొదటి ఉత్తరం అవతలివారికి ఇంకా చేరి ఉండకపోవచ్చు కాబట్టి, జవాబు రాసేవారు ప్రశ్నలోని వాక్యాలను ముందు ఒక బాణపు గుర్తు పెట్టి తిరిగి రాసి, వాటి కింద తమ మాట చెప్పేవారు. ఒక్క పదంలో బదులిస్తే ఎవరికీ అర్థం కాదు గనుక విషయాన్ని మొదటి నుంచి చివరిదాకా చెప్పవలసి వచ్చేది. ఉత్తరాలు పెరిగేకొద్దీ వాటిని అంశాలవారీగా విడదీశారు. 1987లో జరిగిన పెద్ద సర్దుబాటులో కంప్యూటర్లకు, విజ్ఞానశాస్త్రానికి, వినోదానికి, సమాజానికి, వాదోపవాదాలకు వేరువేరు శాఖలు ఏర్పడ్డాయి.

మన దేశంలో 1986లో మొదలైన, విద్యా పరిశోధన సంస్థలను కలిపే ఎర్నెట్ అనే నెట్‌వర్క్ పుణ్యమా అని ఐఐటీలు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ వంటి చోట్ల ఉన్నవారికి ఈ లోకం కొంత ముందుగానే పరిచయమైంది. సామాన్యులకు మాత్రం 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు నగరాల్లో ఇంటర్నెట్ సేవ మొదలుపెట్టిన తరువాతనే తలుపు తెరుచుకుంది. నెల్లూరు నుంచి కావాలంటే మద్రాసుకు ఎస్టీడీ చేసి కలుపుకోవాలి, గడిచిన ప్రతి నిమిషానికీ మీటరు తిరుగుతుంది. 1998 నవంబరులో ప్రైవేటు సంస్థలకు అనుమతి ఇచ్చిన తరువాతనే మన పట్టణాల్లో నెట్ సెంటర్లు ఒక్కొక్కటిగా వెలిశాయి.

ఈమెయిలు చిరునామా మధ్యలో ఆ చుట్టతోక ‘ఎట్’ గుర్తు ఎవరు పెట్టారు? — అద్దంకి

1971లో రే టామ్‌లిన్సన్ అనే ఇంజనీరు పెట్టారు. అంతకుముందు ఒకే కంప్యూటరును వాడేవారు మాత్రమే ఒకరికొకరు సందేశాలు వదులుకోగలిగేవారు. వేరొక కంప్యూటరులో ఉన్న మనిషికి పంపాలంటే మనిషి పేరునూ యంత్రం పేరునూ విడదీసే గుర్తు కావాలి, అది ఎవరి పేరులోనూ ఉండకూడదు. కీబోర్డు మీద ఆ పనికి సరిపోయినది అదే.

అప్పట్లో కంప్యూటరులో తెలుగు లిపి లేదు కదా. తెలుగువారు ఇంగ్లీషులోనే మాట్లాడుకునేవారా? — విశ్రాంత తెలుగు పండితులు, ఒంగోలు

లిపి లేకపోయినా తెలుగు మానలేదండీ. ఈ ప్రశ్న మీరు అడిగినందుకు నాకు ఎంతో సంతోషంగా ఉంది, ఎందుకంటే ఈ కథ మన భాషాచరిత్రలో ఒక అధ్యాయంగా పాఠం చెప్పదగినదని నేను నమ్ముతాను.

యూజ్‌నెట్‌లో భారతీయ సంస్కృతికి ఒక గుంపు, దాని కొమ్మగా తెలుగుకు మరొక గుంపు ఉండేవి. తెలుగు గుంపు పూర్తి పేరు సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు. అందులో రాసేవారు ఎక్కువగా అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటున్న మన పిల్లలు. వారి ముందున్న కీబోర్డు మీద ఉన్నవి 26 ఇంగ్లీషు అక్షరాలే. తోచిన విధంగా రాస్తే ఒకరి తెలుగు మరొకరు చదవలేకపోయేవారు, ‘పాత’ అని రాసినదాన్ని ‘పాట’ అనుకునేవారు. అప్పుడు హ్యూస్టన్ నగరంలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగు విద్యార్థులు 1990ల మొదట్లో ఒక కట్టుబాటు తయారుచేశారు. దానికి ఆ విశ్వవిద్యాలయం పేరే నిలిచి, రైస్ ట్రాన్స్‌లిటరేషన్ స్టాండర్డ్, పొట్టిగా ఆర్టీఎస్ అని పిలవడం అలవాటైంది. ఇంగ్లీషులో చిన్నబడి (స్మాల్), పెద్దబడి (క్యాపిటల్) అని రెండు రకాల అక్షరాలు ఉన్నాయి కదా, ఆ తేడాను మన హ్రస్వదీర్ఘాలకూ, త–ట, ద–డ వంటి జంటలకూ వాడుకోవడం అందులోని కీలకం. చిన్నబడి ‘టి’ రాస్తే త, పెద్దబడి ‘టి’ రాస్తే ట. ‘నెల్లూరు’ అని రాయాలంటే నడుమనున్న ‘యు’ను పెద్దబడిలో, చివరి ‘యు’ను చిన్నబడిలో రాయాలి. అలా రాసినదాన్ని తెలుగు లిపిలోకి మార్చి అచ్చు తీసే ప్రోగ్రాములు కూడా వారే రాసుకున్నారు. చదువు మధ్యలో, ఎవరూ అడగకుండా, ఎవరూ జీతమివ్వకుండా చేసిన పని ఇది.

తిక్కనగారి పద్యం ఒకటి అలా చిన్నబడి పెద్దబడి అక్షరాల గజిబిజిలో మొదటిసారి నా కంటబడినప్పుడు, బాలశిక్ష పట్టుకున్న పిల్లలాగా కూడబలుక్కుని చదివాను. మూడో పాదానికి వచ్చేసరికి యతి చెవికి తగిలింది. పెన్న ఒడ్డున పుట్టిన పద్యం ఎక్కడో అమెరికాలో ఒక విద్యార్థి వేళ్ల మీదుగా మళ్లీ నెల్లూరు చేరిందని తోచి, ఆ కాగితాన్ని అచ్చు తీయించుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

తరువాత తెలుగు ఫాంట్లు వచ్చాయి గానీ వాటితో పాటు కొత్త చిక్కు కూడా వచ్చింది. ఒక్కొక్క పత్రిక, ఒక్కొక్క సంస్థ తన ఫాంటును తనకు నచ్చిన పద్ధతిలో చేయించుకున్నందున, ఒకచోట ‘అమ్మ’ అని కనిపించినది మరొకచోట చుక్కలూ గీతలుగా మారిపోయేది. ప్రతి అక్షరానికీ ప్రపంచమంతటా చెల్లే ఒకే సంఖ్య కేటాయించే యూనికోడ్‌లో 1991 నాటి మొదటి కూర్పు నుంచే తెలుగుకు చోటు ఉన్నా, 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ వంటివి దానిని చూపించగలిగేదాకా ఆ చోటు మనకు పెద్దగా ఉపకరించలేదు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. 2006లో వచ్చిన ‘లేఖిని’ ఒక పక్క ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంటే మరొక పక్క తెలుగు చూపించి ఎంతోమందిని తెలుగు రాతకు మళ్లించింది. దాని కీలక సూత్రం రైస్ విద్యార్థులు వేసుకున్న బాటలోనిదే. ఈనాటికీ నాబోటివారు ‘ట’ కావాలంటే వేలు పెద్దబడి మీదకు పోతుంది.

2000 ప్రాంతంలో మా అమ్మ అమెరికాలో ఉన్న మా అన్నయ్యకు నెట్ సెంటరు అబ్బాయి చేత ఈమెయిళ్లు రాయించేది. కంప్యూటరు ముట్టుకోని వాళ్లు, ఇంగ్లీషు రాని వాళ్లు ఆ ఇంటర్నెట్ లోకంలో ఉన్నట్టా, లేనట్టా? — గృహిణి, గూడూరు

ఉన్నట్టేనమ్మా. చరిత్ర రాసేవారు ఎక్కువగా ఖాతాలను, పేర్లను లెక్కపెడతారు. మీ అమ్మగారి పేరు మీద ఖాతా లేదు కాబట్టి ఆవిడ ఏ లెక్కలోకీ రారు. కానీ ఆ ఉత్తరం ఆవిడది.

రెండువేల సంవత్సరం దగ్గరపడుతున్న రోజుల్లో పాత ప్రోగ్రాముల్లోని తేదీలు సరిచేసే పని కోసం మన జిల్లాల నుంచి ఎందరో కుర్రవాళ్లు విమానాలెక్కారు. విదేశానికి ఫోను చేస్తే నిమిషానికి పదుల రూపాయలు. ఉత్తరం వేస్తే చేరేసరికి రెండు వారాలు. నెట్ సెంటరులో మాత్రం గంటకు 30, 40 రూపాయలకు ఉత్తరం అప్పటికప్పుడే చేరిపోతుంది. వీఆర్సీ సెంటరు దగ్గర నేను వెళ్లే నెట్ సెంటరులో ఆదివారం పొద్దున తల్లులు వరుసగా కూర్చునేవారు. కొడుకు పేరుతో తెరిచిన ఖాతా పాస్‌వర్డు ఒక చీటీ మీద రాసి, తాళిబొట్టుతో పాటు పిన్నీసుకు గుచ్చుకొని వచ్చిన ఒక పెద్దావిడను నేను మరిచిపోలేను. ఆవిడ చెబుతుంటే కుర్రవాడు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టేవాడు. ‘రాగిసంకటి తింటున్నావా అని అడుగు నాయనా’ అని ఆవిడ అంటే, వాడు అడిగి, ‘ఇంకేం రాయమంటావు పెద్దమ్మా’ అనేవాడు. జవాబు వస్తే తెర మీద చదివి వినిపించి, పేజీకి 5 రూపాయలు తీసుకుని అచ్చు తీసి ఇచ్చేవాడు. ఆవిడ దాన్ని మడిచి కళ్లజోడు పెట్టెలో దాచుకునేది.

పోస్టాఫీసు అరుగు మీద కూర్చుని కార్డులు రాసిపెట్టినవారి పనే ఆ కుర్రవాళ్లు చేశారు. వారి ముందు కుటుంబ రహస్యాలు, అప్పులు, పెళ్లిసంబంధాలు, అనారోగ్యాలు అన్నీ దొర్లేవి. చాలామంది ఆ నమ్మకాన్ని నిలబెట్టుకున్నారు. మరొక సంగతి కూడా చెప్పాలి. తమ వంతు కోసం ఎదురుచూస్తూ కూర్చున్న ఆ తల్లులు ఒకరికొకరు పరిచయమై, ‘మీవాడిది ఏ ఊరు, మావాడు అక్కడికి ఎంత దూరం’ అని విచారించుకుని, కొడుకుల చిరునామాలు మార్చుకునేవారు. అలా డల్లస్‌లో ఉన్న ఒక కోవూరు అబ్బాయికీ, అక్కడే ఉన్న ఒక సింగరాయకొండ అబ్బాయికీ నెల్లూరు బెంచీ మీద పరిచయం కుదిరింది. ఇంటర్నెట్ కూర్చిన సమాజం అంటే నాకు ముందుగా గుర్తుకొచ్చేది ఆ బెంచీయే.

చాట్ రూముల్లో అన్నీ అబద్ధాలే నడిచేవని మా బాబాయి అంటారు. నిజమేనా? — కందుకూరు

మీ బాబాయిగారు చూసినది ఆయన చెప్పారు, కానీ అది సగమే. వెంటవెంటనే మాట్లాడుకునే పద్ధతి చాట్ రూములతో పుట్టినది కాదు. 1988లో ఫిన్లాండ్‌లోని ఊలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయ్‌కారినెన్ ఐఆర్‌సీ (ఇంటర్నెట్ రిలే చాట్) అనే ఏర్పాటు చేశారు. 1991లో సోవియట్ దేశంలో తిరుగుబాటు ప్రయత్నం జరిగినప్పుడు అక్కడి కబుర్లు దాని మీదుగా బయటి ప్రపంచానికి చేరాయి. మన ఊళ్లకు వచ్చేసరికి అందరికీ తెలిసినది యాహూ సంస్థ చాట్ రూములు. రూములోకి అడుగుపెట్టగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న మూడు ఇంగ్లీషు అక్షరాలే: వయసెంత, ఆడా మగా, ఏ ఊరు. దానికి నిజం చెప్పినవారు తక్కువేనని ఒప్పుకుంటాను, అయితే అందరూ మోసబుద్ధితోనే దాచలేదు. నేను మొదటి రోజు నా పేరుతోనే వెళ్లాను. రెండు నిమిషాల్లో తెర నిండా కిటికీలు తెరుచుకున్నాయి, వాటిలో చదవదగిన మాట ఒక్కటీ లేదు. మర్నాటి నుంచి ఆడో మగో తెలియని ఒక నది పేరు పెట్టుకున్నాను. ఆడపిల్లలు పేరు మార్చుకోవడం చాలాసార్లు అబద్ధం కాదు, తలుపు గడియ.

కనిపించని ముఖం వల్ల మాట తీరు అర్థం కాకపోవడం మరొక బాధ. హాస్యానికి అన్నది నిష్ఠూరంగా వినిపించేది. 1982 సెప్టెంబరు 19న కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో స్కాట్ ఫాల్‌మన్ అనే ఆచార్యులు ఈ చిక్కు తీర్చడానికే రెండు చుక్కలు, ఒక అడ్డగీత, ఒక బ్రాకెట్టు కలిపి పక్కకు వాలిన నవ్వు ముఖాన్ని ప్రతిపాదించారు. ఇప్పుడు మీ ఫోనులో ఉన్న పసుపు ముఖాల కంటే ముందు నడిచినది అదే.

ఆ నది పేరుతోనే మస్కట్‌లో పనిచేసే ఒక తెలుగు నర్సుతో నాకు స్నేహం కుదిరింది. ఏడాదిన్నర దాకా ఒకరి అసలు పేరు ఒకరికి తెలియదు. కానీ ఆవిడకు రాత్రి డ్యూటీలు ఎప్పుడో, వాళ్ల నాన్నగారి మోకాలి నొప్పి ఎంతవరకు వచ్చిందో నాకు తెలుసు. సెలవుకు వచ్చినప్పుడు నెల్లూరు స్టేషనులో మొదటిసారి చూసుకున్నాం. ఆ స్నేహం ఇప్పటికీ ఉంది.

మా ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపులో 200 మందికి పైగా ఉన్నాం. రోజూ ఏదో ఒక రభస. ఆ రోజుల్లో ఇన్ని వేలమంది ఉన్న గుంపులను ఎవరు అదుపు చేసేవారు? — మార్కాపురం

కొన్ని గుంపుల్లో ప్రతి ఉత్తరాన్నీ ముందుగా చదివి, తగినదైతేనే లోపలికి పంపే నిర్వాహకులు ఉండేవారు. మిగిలినవాటిలో పాతకాపులే క్రమం నేర్పేవారు. కొత్తగా చేరినవారు కొన్ని వారాలు ఏమీ రాయకుండా చదవాలని, తరచుగా అడిగే ప్రశ్నలకు ముందే రాసిపెట్టిన జవాబులు చూసిన తరువాతనే నోరు విప్పాలని ఆనాటి మర్యాద. ఆ జవాబుల పత్రాన్ని గుంపులో ఎవరో ఒకరు ఓపికగా కూర్చి, నెలనెలా సరిచూసి, మళ్లీ మళ్లీ అందరికీ పంపేవారు. నా దృష్టిలో ఒక గుంపు నిలిచిందా చెదిరిందా అన్నది ఆ ఒక్క మనిషి ఓపిక మీదనే ఎక్కువగా ఆధారపడింది.

కాలిఫోర్నియాలో 1985లో మొదలైన ‘వెల్’ అనే సమాజం మరొక దారి పట్టింది. అక్కడ మారుపేరు వాడినా దాని వెనుక ఉన్న అసలు మనిషి ఎవరో సభ్యులు తెలుసుకోవచ్చు. ఎవరి మాటలు వారివే అన్న సూత్రాన్ని గుమ్మంలోనే చెప్పేవారు. పిల్లల పెంపకం మీద అక్కడ జరిగిన చర్చలు ఎంతో పేరు పొందాయి.

అయితే ఈ మర్యాదలన్నీ వచ్చేవారి సంఖ్య తక్కువగా ఉన్నప్పుడే సాగాయి. అమెరికాలో ఏటా సెప్టెంబరులో విశ్వవిద్యాలయాల్లో చేరే కొత్త విద్యార్థులు యూజ్‌నెట్‌లోకి వచ్చి నెల రోజులు గందరగోళం చేసేవారు, పాతవారు నేర్పగా అక్టోబరుకల్లా సర్దుకునేవారు. 1993 నుంచి అమెరికా ఆన్‌లైన్ వంటి సంస్థలు తమ ఖాతాదారులందరికీ ఆ తలుపు తీయడం మొదలుపెట్టేసరికి, కొత్తవారు నేర్చుకునే వేగం కంటే వచ్చే వేగం పెరిగిపోయింది. ఎప్పటికీ ముగియని సెప్టెంబరు అని పాతవారు ఆ కాలానికి పేరు పెట్టుకున్నారు. 1994 ఏప్రిల్‌లో అరిజోనాకు చెందిన ఇద్దరు న్యాయవాదులు గ్రీన్‌కార్డు లాటరీకి దరఖాస్తు చేయించి పెడతామన్న ప్రకటనను, విషయంతో నిమిత్తం లేకుండా, 5,000కు పైగా గుంపుల్లో ఒకేసారి వేశారు. చెట్ల పెంపకం గురించి మాట్లాడుకునే చోట కూడా అదే ప్రకటన. అంతటి ఎత్తున జరిగిన మొదటి వ్యాపార చెత్త ప్రచారం అదేనంటారు.

మీ గ్రూపు సంగతికి వస్తే, నేను ఇచ్చే సలహా ఇది. రోజూ అడిగే పది ప్రశ్నలను గుర్తించండి: సెలవుల జాబితా, బదిలీ నియమాలు, మెడికల్ బిల్లుల పద్ధతి వంటివి. వాటికి జవాబులు ఒకచోట రాసి, ప్రతి నెలా మొదటి తారీఖున గ్రూపులో పెట్టే బాధ్యత ఒక్కరికి పేరు పెట్టి అప్పగించండి. జవాబిచ్చేవారు ఏ ప్రశ్నకు బదులిస్తున్నారో ఆ ప్రశ్నను తగిలించే ఇవ్వాలని నియమం పెట్టండి. సగం తగవులు ఎవరి మాట ఎవరికి తగిలిందో తెలియక వచ్చేవే. శుభోదయాలకు వేరే గ్రూపు పెట్టండి.

మా తమ్ముడు 2001 నుంచి ఒక యాహూ గ్రూపులో తెలుగు సాహిత్యం గురించి రాసేవాడు. ఇప్పుడు వాడు లేడు. ఆ రాతలు ఎక్కడైనా దొరుకుతాయా? — మూలాపేట, నెల్లూరు

మీ ఉత్తరం చదివి చాలాసేపు జవాబు రాయలేకపోయాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే మీకు మేలు చేస్తుందని చెబుతున్నాను.

యాహూ గ్రూపుల్లో తెలుగువారివి అనేకం ఉండేవి. సాహిత్య చర్చలకు ఒక గుంపువారు ‘రచ్చబండ’ అని ఎంతో తగిన పేరు పెట్టుకున్నారు. 2019 డిసెంబరులో యాహూ ఆ గ్రూపుల్లో పోగైన సామగ్రిని తొలగించింది, 2020 డిసెంబరు 15న సేవనే పూర్తిగా మూసివేసింది. అంతకుముందు 2009లో సొంత వెబ్ పేజీలు పెట్టుకునే జియోసిటీస్, 2014 సెప్టెంబరు 30న స్నేహితులు కలుసుకునే ఆర్కుట్ ఇలాగే వెళ్లిపోయాయి. మనుషులు అక్కడ పదేళ్లు కాపురం ఉన్నా, ఇంటి పట్టా మాత్రం కంపెనీ పేరునే ఉండేది.

యజమాని లేని యూజ్‌నెట్ అదృష్టం వేరుగా ఉంది. టొరాంటో విశ్వవిద్యాలయంలో హెన్రీ స్పెన్సర్ అనే ఆయన 1981 నుంచి పదేళ్లపాటు అక్కడికి వచ్చిన ఉత్తరాలను మాగ్నెటిక్ టేపుల మీద దాచారు. మొత్తం 141 టేపులు. వాటిలోని లక్షల ఉత్తరాలు 2001లో గూగుల్ సంస్థ ద్వారా అందరికీ అందాయి. పైన చెప్పిన నవ్వు ముఖపు తొలి సందేశం కూడా పోయిందనుకున్నదే, ఇరవై ఏళ్ల తరువాత 2002లో పాత టేపులు వెదికితే బయటపడింది. మన వైపు కూడా ఇటువంటి దాపరి ఒకరు ఉన్నారు. 1918లో వేటపాలెంలో నెలకొల్పిన సారస్వత నికేతనం గ్రంథాలయం పాత పత్రికలను దశాబ్దాలుగా కాపాడినందువల్లనే, మరెక్కడా దొరకని సంచికల కోసం పరిశోధకులు అక్కడికి వెళుతున్నారు. నిన్నమొన్నటి వరకు ప్రకాశం జిల్లాలో ఉండి ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వెళ్లిన ఆ ఊరి గ్రంథాలయం చేసిన పనిని మన తెలుగు గుంపులకు ఎవరూ చేసిపెట్టలేదు. అందుకు నాకు నిజంగా బాధగా ఉంది.

అయినా ఆశ వదలవద్దు. యాహూ గ్రూపులో వేసిన ప్రతి ఉత్తరం సభ్యుల ఈమెయిలు పెట్టెకు కూడా వెళ్లేది, అంటే యాహూ దగ్గర పోయినా సభ్యుల దగ్గర మిగిలి ఉండవచ్చు. మీ తమ్ముడితో పాటు ఆ గ్రూపులో ఉన్న మిత్రులు ఒకరిద్దరి పేర్లు మీకు తెలిసే ఉంటాయి, వారి పాత ఖాతాలో మీ తమ్ముడి ఈమెయిలు చిరునామాతో వెదికి చూడమని అడగండి. ఖాతాలు ఏడాది పాటు తెరవకపోతే ఖాళీ చేసే కంపెనీలు ఉన్నాయి కాబట్టి ఈ పని రేపటికి వాయిదా వేయవద్దు. అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థ 1996 నుంచి వెబ్ పేజీల నకళ్లు దాస్తోంది. మీ తమ్ముడి రాతలను ఏదైనా వెబ్‌సైటు ప్రచురించి ఉంటే, ఆ చిరునామాను అక్కడ వెదికితే దొరికే అవకాశం ఉంది.

ఇంట్లో కూడా చూడండి. ఫ్లాపీలు, సీడీలు ఉంటే పారవేయకండి. యూఎస్‌బీకి తగిలించే ఫ్లాపీ డ్రైవు ఇప్పటికీ దొరుకుతుంది. ఫైలు తెరిచినప్పుడు చుక్కలూ గీతలూ కనిపిస్తే పాడైపోయిందనుకోవద్దు, పాత ఫాంటులో రాసినదై ఉండవచ్చు, దానిని యూనికోడ్‌లోకి మార్చే మార్గాలున్నాయి. ఇంగ్లీషు అక్షరాల్లో చిన్నబడి పెద్దబడి కలగలిసి కనిపిస్తే అది తెలుగే. ఫైలును ఏమీ మార్చకుండా మొదట ఒక నకలు తీసి, పంపినవారి పేరు, తేదీ ఉన్న పై వరుసలను తొలగించకుండా ఉంచండి. వాటిలో ఇతరులు రాసిన ఉత్తరాలు ఉంటే వారిని అడగకుండా అచ్చు వేయవద్దు. చదవడం కుదరని ఫైలు ఏదైనా ఉంటే దాని నకలు ఈ శీర్షిక చిరునామాకు పంపండి, నేనే కూర్చుని తెలుగులోకి మార్చి మీకు అందజేస్తాను.